పదిహేడో నంబరు పిస్టల్

నేను ఒక పిస్టల్‌ని. పైసగం ఉక్కు, కిందిసగం ప్లాస్టిక్. ప్లాస్టిక్ అనగానే మీ ముఖంలో వచ్చే మార్పు నాకు కొత్త కాదు. నన్ను మొదటిసారి చేతిలోకి తీసుకున్న ప్రతి ఒక్కరి ముఖంలోనూ అదే చూశాను. ముందు కనుబొమలు లేస్తాయి, తర్వాత బరువు చూడ్డానికి చెయ్యి ఒకసారి పైకీ కిందికీ ఊగుతుంది, ఆ తర్వాత అదే మాట వస్తుంది: "ఇంత అల్కగున్నదేంది?"

నా తల చెక్కడానికి గంటలు పట్టింది, ఒళ్ళు పోయడానికి నిమిషం చాలింది. మెంతుల్లాంటి నల్లటి గింజలను కరిగించి అచ్చులోకి నెట్టారు. అచ్చు విడదీసేసరికి పిడి, ట్రిగ్గర్ చుట్టూ ఉండే కంచె అన్నీ ఒక్క ముక్కగా బయటికి వచ్చాయి. మీద ముందుకీ వెనక్కీ జరిగే ఉక్కు స్లయిడ్ ఎక్కించారు. మామూలు కంటే ఎక్కువ మందు దట్టించిన గుండ్లు రెండు పేల్చి, నేను పగలనని తేలాక పదిహేడో నంబరు కొట్టారు. నాతోపాటు పుట్టిన ఇరవైనాలుగు పిస్టళ్ళను, నన్ను పెట్టెల్లో పెట్టి గోదావరి ఒడ్డునున్న ఒక జిల్లా పోలీసు ఆర్మరీకి పంపారు.

నా గురించి ఒక సంగతి ఇప్పుడే చెప్పేయాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. పాత పిస్టళ్ళకు పక్కన చిన్న మీట ఉండేది. అది దించితే తాళం వేసినట్టు. నాకు ఆ మీట లేదు. నా తాళం ట్రిగ్గర్‌లోనే ఉంది, దానిమీద వేలు పడి నొక్కితే తెరుచుకుంటుంది. ఆ వేలు ఎవరిదని నేను అడగను. అడిగే శక్తి నాలో ఎవరూ పెట్టలేదు.

ఆర్మరీలో ఆయుధాలు చూసుకునే హెడ్ కానిస్టేబుల్ ఆడెపు రాజలింగం. ఇరవైఎనిమిదేళ్ళుగా నూనె, గుడ్డపీలికలు, ఇత్తడి బ్రష్షులతో బతికిన మనిషి. ఆయన నన్ను ఊపి చూడలేదు. విప్పాడు. నాలుగు ముక్కలుగా బల్ల మీద పరిచి, ఒక్కొక్క ముక్కా కిటికీ వెలుగుకు ఎత్తి చూశాడు. "పనితనం మంచిగున్నది" అన్నాడు తనలో తనే. నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు అదే.

ఆ తర్వాత ఆయన చేసిన పని ఇంకెవరూ చేయలేదు. కొత్త పిస్టళ్ళు వచ్చాయి గానీ వాటికి కొత్త హోల్‌స్టర్లు రాలేదు. పాత తోలువే వాడుకోమన్నారు. రాజలింగం గుండ్లు లేకుండా నన్ను ఆ తోలు సంచిలోకి దోపాడు. ఏళ్ళ తరబడి చెమటకు నాని, దాని మూతి మెత్తబడి లోపలికి ముడుచుకుపోయింది. ఆ ముడత వచ్చి నా ట్రిగ్గర్ మీద పడింది. ఆయన ఇంకొంచెం నెట్టాడు.

టిక్.

ఆయన చెయ్యి ఆగిపోయింది. బయటికి తీసి, స్లయిడ్ లాగి, మళ్ళీ దోపాడు. పదిసార్లు చేస్తే నాలుగుసార్లు టిక్కుమంది. లోపల ఛాంబర్‌లో, అంటే గొట్టం మొదట్లో, గుండు ఉండి ఉంటే నాలుగుసార్లూ పెట్టుకున్నవాడి తొడలోకి దిగేది.

ఆయన నన్నూ హోల్‌స్టర్‌నూ పట్టుకుని పై అధికారి గదికి పోయాడు. అధికారి బందోబస్తు కాగితాల మధ్య తలమునకలై ఉన్నాడు.

"కొత్తయి వచ్చే నెల వస్తయి రాజలింగం. అప్పటిదాక జాగ్రత్తగ పెట్టుకోమని చెప్పు."

"అప్పటిదాక ఛాంబర్ ఖాళీగ ఉంచుమని ఒక్క ఆర్డరియ్యండి సార్."

"పక్క జిల్లాల ఎస్సై మీద గొడ్డలితోని పడ్డరు, పేపర్ల చూడలేదా? లోడ్ చేసి రెడీగ ఉండాలె అని నేనే చెప్పిన. మళ్ళ ఖాళీగ పెట్టుకొమ్మని ఎట్ల చెప్త?"

రాజలింగం సెల్యూట్ కొట్టి వచ్చేశాడు. కాగితం మీద రాకపోయినా, పిస్టల్ తీసుకోవడానికి వచ్చిన ప్రతి అధికారికీ నోటితో చెప్పాడు. కొందరు నవ్వారు, కొందరు సరే అని మరిచిపోయారు.

ధరావత్ అనసూయ నవ్వలేదు.

ఆమె ఒక మండల స్టేషన్‌కు ఎస్సైగా వచ్చి నాలుగు నెలలైంది. వయసు ముప్పైరెండు. ఫైరింగ్ రేంజ్‌లో నన్ను ఆమె చేతిలో పెట్టిన రోజు ఎండ మండిపోతోంది. ఆమె పిడికిలిలో నేను చక్కగా ఇమిడాను, ఆ పట్టు మాత్రం నన్ను వదిలించుకోవాలని చూస్తున్నట్టుగా ఉంది. మొదటి అయిదు గుండ్లూ బొమ్మకు అడుగు దూరంలో మట్టిలో కూరుకుపోయాయి.

"మేడం, పేలకముందే భుజం గుంజుతున్నరు" అన్నాడు రాజలింగం.

ఆమె చుట్టూ చూసింది. దగ్గర్లో ఎవరూ లేరని తేల్చుకున్నాక చెప్పింది. ట్రైనింగులో ఆమె పక్కన నిలబడిన బ్యాచ్‌మేట్ ఒకడు, పిస్టల్ హోల్‌స్టర్‌లో పెట్టుకుంటూ తన పాదాన్ని తనే కాల్చుకున్నాడు. బూటులోంచి వచ్చిన నెత్తురు ఆమె కాళ్ళ దాకా పారింది. "అప్పటిసంది ఇది నడుముకు ఉన్నంతసేపు నాకు ఇదే యాది ఉంటది అన్నా. ఎవరికన్న చెప్తె ఆడామె, భయపడ్డది అంటరు."

రాజలింగం నా గుండ్లు తీసేసి, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి నా స్లయిడ్ కొన మీద నిలబెట్టాడు. ప్రతిసారీ స్లయిడ్ లాగి, బిళ్ళ పడకుండా ట్రిగ్గర్ నొక్కమన్నాడు. పదిసార్లు పడింది. ముప్పయ్యోసారికి నిలిచింది. సాయంత్రం మళ్ళీ గుండ్లు పెట్టి కాలిస్తే అయిదింటిలో నాలుగు బొమ్మ ఛాతీలో దిగాయి. ఆమె ముఖంలో మాత్రం సంతోషం కనిపించలేదు.

వెళ్ళేముందు ఆయన హోల్‌స్టర్ మూతి చూపించి, జరిగింది చెప్పాడు.

"ఛాంబర్ ఖాళీగ ఉంచుండ్రి మేడం. అవసరం పడితె స్లయిడ్ గుంజుడు ఒక్క సెకను పని."

"ఆ ఒక్క సెకను దొరక్కపోతె?"

"దొరక్కపోతె నన్ను తిట్టుకోండ్రి."

ఆ రోజు నుంచి ప్రతి ఉదయం ఆమె స్టేషన్ గదికి గడియ పెట్టుకునేది. మ్యాగజైన్ తీసి, స్లయిడ్ లాగి, ఛాంబర్‌లోకి తొంగి చూసి, నమ్మకం కుదరక చిటికెనవేలు పెట్టి తడిమేది. ఇసుక బకెట్ వైపు తిప్పి ఒకసారి ట్రిగ్గర్ నొక్కి వదిలేది. ఆ తర్వాతే పదిహేను గుండ్ల మ్యాగజైన్ నాలోకి ఎక్కించేది. పదిహేను గుండ్లు కడుపులో ఉన్నా నా గొంతు ఖాళీ. పై అధికారి ఆదేశాన్ని ఆమె రోజూ తప్పుతోంది. ఆ సంగతి నాకు, ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

ఫిబ్రవరిలో ఒక గురువారం, మధ్యాహ్నం మూడున్నరకు ఫోన్ వచ్చింది. ఎర్రవొర్రె అనే ఊరి నుంచి, ఆశా వర్కర్ భూలక్ష్మి.

"మేడం, జల్ది రండ్రి. పిల్లలనెత్తుకపోయేటోళ్ళని ఇద్దరిని పట్టుకున్నరు. వాళ్ళు దొంగలు కాదు మేడం, గ్యాస్ పొయ్యిలు బాగుచేసేటోళ్ళు. నేను పంచాయతాఫీసుల ఏసి తాళమేసిన. తలుపు పగులగొట్టేటట్టున్నరు."

వారం రోజులుగా అందరి ఫోన్లలో ఒకటే మెసేజ్ తిరుగుతోంది, పిల్లలను ఎత్తుకుపోయే ముసుగుల ముఠా జిల్లాలోకి దిగిందని. దానికి తోడు ఆ మధ్యాహ్నం మొండయ్య అనే ట్రాక్టర్ డ్రైవర్ కూతురు, రెండో తరగతి చదివే సహస్ర, అన్నానికి బడి నుంచి ఇంటికి రాలేదు. అదే సమయంలో ఆ వీధిలో గణపత్ అనే ముసలాయన, అతని భార్య సుమన్‌బాయి "పొయ్యి రిపేర్" అని కేకలేస్తూ సైకిల్ నెట్టుకుంటూ వచ్చారు. నాందేడ్ వైపు మనుషులు. తెలుగు సరిగా రాదు. జనానికి అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

స్టేషన్‌లో ఉన్నది అనసూయ, జీపు నడిపే కానిస్టేబుల్ ఐలయ్య. మిగతావాళ్ళు జాతర బందోబస్తుకు పోయారు. పట్నం నుంచి బలగం రావడానికి నలభై నిమిషాలు పడుతుందన్నారు.

ఊరి మలుపులో ఐలయ్య జీపు నెమ్మది చేశాడు. అక్కడికే కేకలు వినిపిస్తున్నాయి.

"మేడం, పిస్టల్ చేతిల పట్టుకోండ్రి."

ఆమె నన్ను బయటికి తీసింది. ఎడమచెయ్యి నా స్లయిడ్ మీదికి వచ్చింది. లాగితే చాలు, ఒక గుండు పైకి లేచి ఛాంబర్‌లో కూర్చుంటుంది. నిజం చెప్పాలంటే నాకూ అదే కావాలనిపించింది. నన్ను చేసింది అందుకే గదా. మట్టిలోకి, అట్ట బొమ్మల్లోకి కాల్చడానికేనా అంత ఉక్కు చెక్కింది?

ఆమె వేళ్ళు స్లయిడ్ మీద బిగుసుకున్నాయి. తర్వాత వదిలేశాయి.

"గంతమంది నడుమ ఎన్ని చేతులుంటయి ఐలయ్యా" అంది మెల్లగా. నన్ను తిరిగి దోపి, తోలు మూత గుండీ నొక్కింది. ఆ గుండీ ఎప్పుడో వదులైపోయింది. "నువ్వు బడికి పో. పిల్ల ఎవరితోని పోయిందో కనుక్కో. దొరికితె ఫోన్ల మాట్లాడిపియ్యి."

"మీరొక్కరే ఎట్ల పోతరు మేడం?"

"పో అంటున్న."

పంచాయతీ ఆఫీసు ముందు రెండొందల మంది ఉన్నారు. చుట్టూ మిద్దెల మీద ఆడవాళ్ళు, పిల్లలు. భూలక్ష్మి తలుపుకు వీపు ఆనించి కూర్చుని ఉంది. జాకెట్లో తాళంచెవి. పెదవి చిట్లి నెత్తురు కారుతున్నా లేవడం లేదు. జనాన్ని తోసుకుంటూ అనసూయ వరండా ఎక్కి ఆమె పక్కన నిలబడింది.

ముందు వరసలో మొండయ్య. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చొక్కా గుండీలు ఊడిపోయాయి.

"నా బిడ్డ ఏది మేడం? నా బిడ్డను నాకియ్యమను, నేను పోత."

"మా ఐలయ్య బడికి పోయిండు మొండయ్యా. పది నిమిషాలు ఆగు. నీ బిడ్డను పట్టుకొస్త."

అతను ఆగేవాడేమో. వెనక నుంచి ఎవరో అరిచారు: "ఆగితె వాళ్ళను జీపెక్కిచ్చుకపోతది! మనకు పిల్ల దొరకదు, దొంగలు దొరకరు!" ఒక రాయి వచ్చి కిటికీ అద్దం పగలగొట్టింది. లోపల సుమన్‌బాయి కేక వేసింది. ఆ కేకతో జనం ఒక్కసారిగా ముందుకు పడ్డారు.

అనసూయ రెండు చేతులూ చాచి వాళ్ళను ఆపుతోంది. రెండు చేతులూ అక్కడ ఉంటే నడుము దగ్గర ఎవరున్నట్టు? ఒక చెయ్యి నా మీద పడింది. చెమటతో తడిసిన అరచెయ్యి, స్టీరింగ్ పట్టి కాయలు కాసిన వేళ్ళు. వదులు గుండీ ఊడింది. నేను బయటికి వచ్చేశాను.

మొండయ్య నన్ను పట్టుకుని భూలక్ష్మి పక్క నుంచి తలుపును కాలితో తన్నాడు. రెండో తన్నుకు గొళ్ళెం ఊడిపోయింది. లోపల గణపత్ భార్యను వెనక్కి నెట్టి, తను ముందు నిలబడ్డాడు. అతని చేతిలో పొయ్యి బర్నర్ ఇంకా అలాగే ఉంది, కింద పెట్టడం మరిచిపోయాడు. మొండయ్య నన్ను అతని ఛాతీకి గురిపెట్టాడు. నాలుగడుగుల దూరం. అంత దగ్గర గురి తప్పే పనే లేదు.

వేలు ట్రిగ్గర్ మీద పడింది. నొక్కింది.

ఏమీ కాలేదు. చప్పుడు కూడా రాలేదు. ఉదయం ఇసుక బకెట్ వైపు నొక్కి వదిలిన ట్రిగ్గర్ అది, స్లయిడ్ లాగేదాకా దానిలో ప్రాణం ఉండదు. అతనికి ఆ సంగతి తెలియదు. మళ్ళీ నొక్కాడు. మూడోసారి రెండు వేళ్ళతో నొక్కాడు. పదిహేను గుండ్లు అంగుళం కింద వరుసగా కూర్చుని ఉన్నాయి. ఒక్కటి పైకి లేవడానికి ఒక్క లాగుడు చాలు. ఎవరైనా "స్లయిడ్ గుంజురా" అని అరుస్తారేమోనని ఎదురుచూశాను. రెండొందల మందిలో ఆ మాట తెలిసినవాడు ఒక్కడూ లేడు.

"ప్లాస్టిక్‌ది రా అది!" అన్నాడొకడు. "పిల్లలాడుకునేది!"

నవ్వులు లేచాయి. ఆ నవ్వులు విని అనసూయ ముఖం తెల్లబోయింది. అప్పటిదాకా వాళ్ళకు ఆమె అంటే లేకపోయినా, నేనంటే కొంచెం భయం ఉండింది. ఇప్పుడు అదీ పోయింది. కర్రలు లేచాయి.

ఆమె ఒక్క అంగలో లోపలికి వచ్చి, నా స్లయిడ్‌ను పైనుంచి పట్టి పక్కకు మెలితిప్పింది. ట్రిగ్గర్ కంచెలో వేలు ఇరుక్కుని మొండయ్య కెవ్వుమన్నాడు. నేను ఆమె చేతిలోకి వచ్చాను. వెంటనే ఆమె స్లయిడ్ లాగి వదిలింది.

ఆ చప్పుడు ఏమిటో తెలియనివాళ్ళు కూడా దానికి ఆగుతారు. నవ్వులు ఆగాయి. గుండు ఛాంబర్‌లోకి వచ్చింది. ఇప్పుడు నాలో ప్రాణం ఉంది. ఇప్పుడు ఏ వేలైనా చాలు.

గాల్లోకి కాల్చాలంటే మిద్దెల నిండా పిల్లలు. ఆమె నన్ను గది మూలనున్న సిమెంటు బస్తాల వైపు దించి పట్టుకుంది. చూపుడువేలు ట్రిగ్గర్ మీద లేదు. నా ఒంటి పక్కన బారుగా చాచి ఉంది.

"నువ్వు మూడుసార్లు నొక్కినవ్ మొండయ్యా" అంది. "గుండు లేక ఈ పెద్దమనిషి బతికిండు. ఇప్పుడున్నది. ఎవరూ ముందుకు రాకుండ్రి."

అప్పుడే ఐలయ్య ఫోన్ పైకెత్తి పట్టుకుని తోసుకుంటూ వచ్చాడు. "దొరికింది! పిల్ల దొరికింది!" ఎవరూ కదల్లేదు. "అబద్ధం, అబద్ధం చెప్తుండు" అని ఎవరో అన్నారు. పిల్ల కోసమే వచ్చిన జనానికి, పిల్ల దొరికిందన్న మాట నచ్చలేదు.

అనసూయ ఎడమచేత్తో ఫోన్ అందుకుంది. దాన్ని మొండయ్య చెవికి ఆనించాలంటే, నన్ను లాక్కున్న మనిషికి మళ్ళీ నన్ను అందేంత దగ్గరికి పోవాలి. నన్ను వెనక్కి, తన తొడ పక్కకు తీసుకుని, ఆమె ఆ మూడడుగులూ వేసింది.

ఫోన్‌లో సన్నటి గొంతు గదంతా వినిపించింది. "నాయినా, అమ్మమ్మ నన్ను బళ్ళెకెల్లి తీస్కచ్చింది. చెవులు కుట్టిచ్చిండ్రు. నేను ఏడ్వలే నాయినా."

మొండయ్య నిలబడ్డచోటే కూలబడ్డాడు. "ఏడ్వకు బిడ్డా, ఏడ్వకు" అంటున్నాడు, పిల్ల ఏడవలేదని చెప్తున్నా. వాకిట్లో కర్రలు ఒక్కొక్కటే దిగాయి. జనం ఒకరి ముఖం ఒకరు చూడకుండా జారుకున్నారు. పట్నం బలగం వచ్చేసరికి ఆఫీసు ముందు చెప్పులు మాత్రం మిగిలాయి.

జీపు వెనక అనసూయ నాలోంచి గుండు తీసింది. అది గడ్డిలో పడిపోయింది. ఐలయ్య వంగి వెతికి ఇచ్చాడు.

"మేడం, రిపోర్టుల పిస్టల్ గుంజుకున్నడని రాయకుండ్రి" అన్నాడతను. "గుంపుల కింద పడ్డది, తీసుకున్నమని రాయండ్రి. మీకు మెమో రాదు. ఆ పోరడు గూడ జైలుకు పోడు. చిన్న పిల్ల ఉన్నది వానికి."

ఆమె జీపులోకి చూసింది. వెనక సీటులో గణపత్, సుమన్‌బాయి కూర్చున్నారు. సుమన్‌బాయి అతని ఛాతీ మీద చెయ్యి వేసి ఉంచింది, ఎంతసేపటికీ తీయలేదు.

"ఆయన ఛాతీ మీద పెట్టి నొక్కిండు ఐలయ్యా. అదెట్ల రాయకుండ ఉంటరు?"

ఉన్నది ఉన్నట్టు రాసింది. ఆదేశం తప్పి ఛాంబర్ ఖాళీగా ఉంచుకున్నానని, పాత హోల్‌స్టర్ గుండీ ఊడిందని, రాజలింగం ముందే హెచ్చరించాడని, మొండయ్య మూడుసార్లు నొక్కాడని. ఆయుధం పోగొట్టుకున్నందుకు ఆమెను స్టేషన్ నుంచి తీసి రికార్డుల విభాగంలో వేశారు. రిపోర్టు పైకి పోయిన పదిరోజులకే గట్టి కొత్త హోల్‌స్టర్లు వచ్చాయి. వాటిని అందరికీ పంచింది రాజలింగమే. నాకు మాత్రం రాలేదు, ఎందుకంటే అప్పటికి నేను కేసు సొత్తునైపోయాను. తెల్లగుడ్డలో చుట్టి, లక్క ముద్ర వేసి, కోర్టు గదిలో గొడ్డళ్ళకూ కాలిన చీరలకూ మధ్య అరమీద పెట్టారు. ఏడాదిన్నర అక్కడే ఉన్నాను. మా తోటివాళ్ళు ఊళ్ళలో గస్తీ తిరుగుతుంటే, నా పక్కన ఎవరి ప్రాణమో తీసిన రోకలి ఒకటి ఉండేది.

విచారణ రోజు ముద్ర విప్పి నన్ను జడ్జి ముందు బల్ల మీద పెట్టారు. గణపత్ ముందు చెప్పాడు, తనకు వచ్చిన తెలుగులో: "నొక్కిండు సాబ్. నేను కండ్లు మూస్కున్న. తెరిచినంక బతికే ఉన్న."

మొండయ్య తరపు వకీలు నన్ను ఎత్తి ఊపి చూపించాడు. "ప్లాస్టిక్ అండి. తేలిగ్గా ఉంది. ఊళ్ళో అందరూ బొమ్మ అనే అనుకున్నారు. నా క్లయింటూ బెదిరించడానికి పట్టుకున్నాడు తప్ప, నిజమైనదని అనుకోలేదు." మంచి వాదనే. జడ్జి కూడా తల పంకించాడు. చివరికి మొండయ్యను అడిగాడు, నువ్వు చెప్పేదేమైనా ఉందా అని. వకీలు కళ్ళతోనే సైగ చేశాడు, లేదని చెప్పమని.

మొండయ్య నన్ను చూశాడు. ఏడాదిన్నరలో సగం బక్కచిక్కిపోయాడు.

"బొమ్మ అనుకోలె సార్. పోలీసామె నడుముకున్నది బొమ్మ ఎందుకైతది? నిజందనే నొక్కిన. సంపుదామనే నొక్కిన."

వకీలు చేతిలో కాగితాలు బల్ల మీద పడేశాడు. వెనక బెంచీలో మొండయ్య భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. నాలుగేళ్ళ శిక్ష పడింది.

గుమస్తా నన్ను మళ్ళీ గుడ్డలో చుట్టడానికి తలుపు పక్క బల్ల దగ్గరికి తెచ్చాడు. లక్క కరుగుతోంది. మొండయ్యను ఆ తలుపు గుండానే తీసుకుపోతున్నారు. సాక్ష్యం చెప్పి వెళ్ళడానికి లేచిన అనసూయ ఎదురుపడింది. అతను ఆగాడు. ఎస్కార్టు వాళ్ళూ ఆగారు.

"మేడం, ఒక మాట అడగాల్నని ఉన్నది. ఆ దినం అండ్ల గుండు ఎందుకు పెట్టుకోలే?"

అనసూయ చుట్టూ కానిస్టేబుళ్ళు ఉన్నారు, వకీళ్ళు ఉన్నారు. ఇన్నేళ్ళలో రాజలింగానికి తప్ప ఎవరికీ చెప్పని మాట అది.

"నాకు దానితోని భయమైతది మొండయ్యా" అంది.

అతను కాసేపు తన చూపుడువేలు వంక చూసుకున్నాడు. ఆ రోజు మెలిపడ్డ వేలు సరిగా అతుక్కోలేదు, కొంచెం వంకరగా ఉంది.

"నాకు కాలేదు మేడం" అన్నాడు. "ఆ దినం నాకు జరంత గూడ భయం కాలేదు."

ఎస్కార్టు వాళ్ళు అతన్ని మెట్ల వైపు నడిపించారు. అనసూయ అక్కడే నిలబడి ఉంది. గుమస్తా గుడ్డ మడత నా మీదికి లాగాడు.